పెండ్లి భోషాణం - వంశగౌరవం: పునరుజ్జీవన యుగపు ఫ్లారెన్స్ గృహసామగ్రిలో సామాజిక హోదా

వ్యాస సంగ్రహం:

15, 16 శతాబ్దాల ఇటలీలో, ముఖ్యంగా ఫ్లారెన్స్ నగరంలో, సంపన్న కుటుంబాలు తమ ఇళ్లలోని పెట్టెలకూ మంచాలకూ పీఠాలకూ విశేషమైన అలంకరణ చేయించాయి. ఈ అలంకరణను సంపద ప్రదర్శనగా మాత్రమే చూడటం పరిపాటి. అప్పటికే స్థిరపడిన హోదాను చాటడం కంటే, స్థిరపడని హోదాను సాధించుకోవడానికీ, పోయిన హోదాను తిరిగి నిలుపుకోవడానికీ ఆ కుటుంబాలు గృహసామగ్రిని వినియోగించుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు పెండ్లి భోషాణాన్ని ప్రధాన ఆధారంగా, స్త్రోజ్జీ కుటుంబ చరిత్రను ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది. ఈ వ్యవహారంలో వధువు స్థానమేమిటన్న ప్రశ్నను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: పునరుజ్జీవన యుగం, ఫ్లారెన్స్, కస్సోనే, పెండ్లి భోషాణం, కట్నం, వంశచిహ్నం, వస్తు సంస్కృతి.

1. ప్రవేశిక

పునరుజ్జీవన యుగం అనగానే మనకు చిత్రాలు, శిల్పాలు, దేవాలయ గోపురాలు స్ఫురిస్తాయి. తెలుగులో ఈ యుగాన్ని గురించి వచ్చిన రచనలలోనూ ప్రసిద్ధ కళాకారుల జీవితాలకూ మానవతావాద భావాలకూ దక్కిన స్థానం ఇంటి సామానుకు దక్కలేదు. కాని ఆ కాలపు మనుషులు నిత్యం చూసినవీ, తాకినవీ, వారసులకు అప్పగించినవీ ఇంటి వస్తువులే. ఒక కుటుంబం తన్ను తాను ఎలా చూసుకుంది, ఇతరులు తన్ను ఎలా చూడాలని కోరుకుంది అన్న ప్రశ్నలకు ఆ వస్తువులు సమాధానం ఇస్తాయి.

ఆ వస్తువులలో పెండ్లి సందర్భంగా చేయించే పెద్ద చెక్కపెట్టె ముఖ్యమైనది. నేటి కళాచరిత్రకారులు దానిని కస్సోనే అంటారు. 15వ శతాబ్దపు ఫ్లారెన్స్ పత్రాలలో ఎక్కువగా కనిపించే మాట మాత్రం ఫోర్జియేరి. తెలుగులో ఈ వస్తువుకు సరైన పదమేది అన్నది ఆలోచించదగిన విషయం. మందసం అనే మాట ఉన్నా, అది బైబిలు అనువాదాల వల్ల నిబంధన మందసాన్ని స్ఫురింపజేస్తుంది. విలువైన వస్త్రాలు, ఆభరణాలు దాచుకునే భారీ చెక్కపెట్టెకు మన ఇళ్లలో భోషాణం అన్న మాట వాడుకలో ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో కస్సోనేను పెండ్లి భోషాణం అని వ్యవహరిస్తున్నాను. వధువుతో పాటు సారె పంపే ఆచారం తెలిసిన పాఠకులకు ఈ వస్తువు పని సులభంగానే బోధపడుతుంది. అయితే పోలిక ఈ పదం వరకే పరిమితం. ఇక్కడి చర్చ ఫ్లారెన్స్‌కు సంబంధించినది.

2. భోషాణం - నిర్మాణం, అలంకరణ

15వ శతాబ్దపు ఫ్లారెన్స్ భోషాణాలను ఎక్కువగా పోప్లర్ చెక్కతో చేసేవారు. అది తేలికైన, చవకైన చెక్క. దానిపై సుద్దమన్ను వంటి జిప్సం పొడిని జంతు చర్మాల నుంచి తీసిన జిగురుతో కలిపి పూత పూసేవారు. ఆ పూతను జెస్సో అంటారు. పూత ఆరిన తరువాత నునుపు చేసి, బంగారం అద్దవలసిన చోట ఎర్రమట్టి పూసి, దానిపై పలుచని బంగారు రేకులు అంటించేవారు. జెస్సోనే ఉబ్బెత్తుగా మలచి లతలు, పూలు, మానవాకృతులు తీర్చేవారు. ముందుభాగపు పలకపై కోడిగుడ్డు సొనతో కలిపిన రంగులతో కథాచిత్రాలు వేసేవారు. మూలల్లోనో రెండు పక్కలనో వరుని వంశచిహ్నం, వధువు వంశచిహ్నం కనిపించేవి. ఈ భోషాణాలను సాధారణంగా జంటగా చేయించేవారు.

ఈ నిర్మాణంలో ఒక విశేషముంది. చెక్క విలువ స్వల్పం. పైనున్న బంగారు రేకు కంటికి కనిపించేంత మందమైనది కాదు. వస్తువు విలువ ప్రధానంగా పనితనంలో, ఎంచుకున్న కథలో, వంశచిహ్నాలలో ఉంది. అంటే కరిగించి సొమ్ము చేసుకోగల విలువ ఇందులో అతి తక్కువ. వెండి పాత్రను అవసరమైతే కుదువ పెట్టవచ్చు, కరిగించవచ్చు. రెండు వంశాల చిహ్నాలు చిత్రించిన భోషాణాన్ని మరొకరికి అమ్మితే దాని అర్థమే మారిపోతుంది. అందువల్ల దీనిపై పెట్టిన ఖర్చు సొమ్ముగా తిరిగి రాదు. కుటుంబం ఆశించిన ప్రతిఫలం గౌరవమే.

ఈ పనికి ఎంత గిరాకీ ఉండేదో అపోల్లోనియో ది జొవాన్నీ, మార్కో దెల్ బువోనో అనే ఇద్దరు చిత్రకారులు కలిసి నడిపిన పనిశాల లెక్కల వల్ల తెలుస్తుంది. 1446 నుంచి 1463 వరకు వారు స్వీకరించిన పనుల జాబితా 17వ శతాబ్దపు ప్రతి రూపంలో మిగిలింది. అందులో సుమారు 170 జతల భోషాణాల ప్రస్తావన ఉంది. ఎవరి కుమార్తె ఎవరి ఇంటికి కోడలుగా వెళ్తున్నది, ఎంత సొమ్ము ముట్టింది అన్న వివరాలున్న ఆ జాబితాలో నగరపు ప్రముఖ కుటుంబాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. భోషాణాల పద్దుగా మొదలైన ఆ పుస్తకం నేడు ఫ్లారెన్స్ కుటుంబాల వియ్యాల పట్టికగా కూడా ఉపయోగపడుతున్నది. ఆ కాలపు కవి ఉగొలీనో వెరీనో అపోల్లోనియోను ప్రాచీన గ్రీకు చిత్రకారుడు అపెల్లెస్‌తో పోల్చి కీర్తించాడు. భోషాణాలు చిత్రించేవాడికి అంతటి ప్రశంస దక్కడాన్ని ఈ వ్యాసం చివరి భాగంలో మళ్లీ ప్రస్తావించుకోవలసి ఉంటుంది.

3. ఫ్లారెన్స్‌లో హోదా ఎందుకు సమస్య అయింది?

రాజులు, ప్రభువులు పాలించే చోట హోదా బిరుదు రూపంలో ఉంటుంది. ఫ్లారెన్స్ గణతంత్ర నగరం. అక్కడ 1293లో చేసిన న్యాయశాసనాలు పాత ప్రభువంశాల వారిని నగర పాలనలోని ప్రధాన పదవులకు దూరం చేశాయి. అధికారం వృత్తి సంఘాలలో సభ్యులైన వర్తకులకు, బ్యాంకు యజమానులకు, ఉన్ని - పట్టు వ్యాపారులకు దక్కింది. అందువల్ల ఒక కుటుంబం గొప్పదని నిరూపించే రాజముద్ర అక్కడ లేదు. కుటుంబ ప్రాచీనత, నిర్వహించిన పదవులు, సంపద, వియ్యమందిన వంశాలు అనే నాలుగింటిని బట్టి లోకం ఒక అంచనాకు వచ్చేది. ఆ అంచనా మారుతూ ఉండేది. వ్యాపారంలో నష్టం, రాజకీయాలలో ఓటమి, నగర బహిష్కారం వంటి వాటిలో ఏ ఒక్కటైనా దానిని తారుమారు చేయగలదు.

పై నాలుగింటిలో ఒక కుటుంబం తన నిర్ణయంతో త్వరగా మార్చుకోగలిగినది వియ్యం ఒక్కటే. అందుకే పెండ్లి అక్కడ రెండు వంశాల మధ్య జరిగే బేరసారాలకు కేంద్రమైంది. కట్నాలు క్రమంగా పెరిగాయి. 1425లో నగర ప్రభుత్వమే మోంతే దెల్లే దోతి అనే కట్నాల నిధిని నెలకొల్పింది. ఆడపిల్ల చిన్నతనంలో తండ్రి అందులో కొంత సొమ్ము జమ చేస్తే, పెండ్లినాటికి అది పెరిగి కట్నంగా ముట్టేది. పెండ్లి ఆడంబరాలను అదుపు చేయడానికి నగరం అనేక శాసనాలు కూడా చేసింది. ఒక చేత్తో కట్నానికి నిధి, మరొక చేత్తో ఆడంబరానికి ఆంక్ష అన్నట్లు సాగిన ఈ విధానాన్ని బట్టి వివాహం ఆ సమాజంలో ఎంత పెద్ద ఆర్థిక, రాజకీయ వ్యవహారమో గ్రహించవచ్చు.

4. 1447: ఒక తల్లి లెక్క

ఈ పరిస్థితిని ఒక కుటుంబ అనుభవంలో పరిశీలిద్దాం. ఫ్లారెన్స్‌లోని పాత వంశాలలో స్త్రోజ్జీ ఒకటి. 1434లో మెదీచీ వర్గం పైచేయి సాధించినప్పుడు మత్తెయో స్త్రోజ్జీ నగరం నుంచి బహిష్కృతుడయ్యాడు. మరుసటి ఏడాదే ప్రవాసంలో మరణించాడు. ఆయన భార్య అలెస్సాంద్రా మచింగీ స్త్రోజ్జీ పిల్లలను పెంచి పెద్ద చేసింది. దూరాన ఉన్న కుమారులకు ఆమె రాసిన ఉత్తరాలు ఆ కాలపు గృహజీవితానికి అరుదైన ఆధారాలు.

1447 ఆగస్టు 24న ఆమె నేపుల్స్‌లో ఉన్న పెద్ద కుమారుడు ఫిలిప్పోకు తన కుమార్తె కతెరీనా వివాహం నిశ్చయమైన సంగతి తెలిపింది. వరుడు మార్కో పరెంతి. పట్టు వ్యాపారం చేసే సంపన్న కుటుంబానికి చెందినవాడు. కాని వారి వంశం స్త్రోజ్జీలతో సరితూగే ప్రాచీన వంశం కాదు. కట్నం 1000 ఫ్లోరిన్లు. ఇంతకంటే ఉన్నతమైన వంశంలో పిల్లనివ్వాలంటే 1400 నుంచి 1500 ఫ్లోరిన్ల వరకు కావలసి వచ్చేదనీ, అంత భారం కుటుంబాన్ని కుంగదీసేదనీ ఆమె కుమారునికి వివరించింది. నైపుణ్యం లేని కూలివాడు ఏడాదంతా పనిచేసినా 40 ఫ్లోరిన్లు కళ్లజూడటం కష్టమైన కాలమది. అంటే తక్కువగా భావించిన ఈ కట్నమే ఒక కూలివాని పాతికేళ్ల రాబడికి మించినది.

ఈ ఉత్తరంలో హోదా కచ్చితమైన అంకెలలో కనిపిస్తుంది. వంశగౌరవంలో ఒక మెట్టు విలువ 400 నుంచి 500 ఫ్లోరిన్లు. బహిష్కారం వల్ల తగ్గిన స్త్రోజ్జీల రాజకీయ బలం, తండ్రి లేని పిల్ల అన్న లోటు, వరుని వంశపు కొత్తదనం అన్నీ ఆ లెక్కలో ఇమిడి ఉన్నాయి. స్త్రోజ్జీలు కొంత దిగారు, పరెంతీలు కొంత ఎక్కారు. ఉభయులకూ ఆమోదయోగ్యమైన చోట సంబంధం కుదిరింది.

ఎక్కిన వారు ఆ సంగతిని లోకానికి తెలియజేయాలి. పెండ్లికూతురి వస్త్రాభరణాలకు మార్కో విరివిగా ఖర్చు చేశాడు. ఆమె ధరించేవాటి విలువ 400 ఫ్లోరిన్లు దాటుతుందని తల్లి అదే ఉత్తరంలో సంతోషంగా పేర్కొన్నది. వాటితో పాటు 1447-48లో మార్కో ఒక జత భోషాణాలు చిత్రించడానికి దొమెనీకో వెనెత్సియానోను నియోగించి సొమ్ము చెల్లించినట్లు ఆయన సొంత లెక్కల పుస్తకం తెలుపుతున్నది. దొమెనీకో నాటి ఫ్లారెన్స్ చిత్రకారులలో అగ్రశ్రేణికి చెందినవాడు. దేవాలయాలకు బలిపీఠ చిత్రాలు వేసే చేయి ఒక పట్టు వ్యాపారి పడకగది పెట్టెలకు రంగులు వేసింది. ఆ భోషాణాలు నేడు మిగలలేదు. లెక్కలు మాత్రమే మిగిలాయి. అయినా ఆ పద్దు ఒక విషయాన్ని నిస్సందేహంగా చెబుతుంది. పెద్దింటి పిల్ల ఇంటికి వస్తున్నప్పుడు, ఆ రాకకు తగిన వస్తువును సిద్ధం చేయవలసిన బాధ్యత వరునిదేనని మార్కో గుర్తించాడు.

5. వీధి నుంచి పడకగదికి

మార్కో పరెంతి స్వయంగా భోషాణాలు చేయించడం ఆ కాలంలో వస్తున్న ఒక మార్పుకు కూడా ఉదాహరణ. 15వ శతాబ్దపు తొలిభాగంలో భోషాణాలను సాధారణంగా వధువు పుట్టింటివారు సమకూర్చేవారు. వధువు అత్తవారింటికి వెళ్లేటప్పుడు జరిగే ఊరేగింపులో వాటిని వీధుల వెంట మోసుకొని వెళ్లేవారు. లోపల ఏమున్నదో చూపరులకు కనిపించదు. బంగారు పూత, చిత్రం, వంశచిహ్నాలు మాత్రం కనిపిస్తాయి. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వెళ్తున్నదో వీధి మొత్తానికి తెలియజేసే ప్రకటనగా అవి పనిచేసేవి.

శతాబ్దం నడిమి నుంచి ఈ పద్ధతి మారింది. భోషాణాలను చేయించే బాధ్యత క్రమంగా వరుని వైపుకు బదిలీ అయింది. అవి వరుడు కొత్త దంపతుల కోసం అలంకరించే గదిలో భాగమయ్యాయి. ఈ మార్పుతో హోదా ప్రదర్శన ఆగిపోయిందని అనుకోరాదు. నాటి ఫ్లారెన్స్ గృహంలో పడకగది నేటి అర్థంలో ఏకాంత మందిరం కాదు. యజమాని ముఖ్యమైన అతిథులను అక్కడే కలుసుకునేవాడు, వ్యాపార విషయాలు మాట్లాడేవాడు. బిడ్డ పుట్టినప్పుడు బంధువుల స్త్రీలు తల్లిని పలకరించేదీ ఆ గదిలోనే. వీధిలోని జనసమూహం చూసే వస్తువు ఇప్పుడు ఎంపిక చేసిన అతిథులు తీరికగా చూసే వస్తువైంది. దానికి తగ్గట్టు చిత్రణ కూడా సూక్ష్మమైంది. నడిచి వెళ్లే పెట్టెను ఒక్క చూపులో గుర్తించాలి. గదిలో ఉన్న పెట్టె ముందు నిలబడి కథ చదువుకోవచ్చు.

6. పెట్టెపై కథలు - ఎవరికి, ఏ బోధ?

చిత్రాలలోని ఇతివృత్తాలు ప్రధానంగా మూడు వర్గాలకు చెందుతాయి: ప్రాచీన రోము చరిత్ర, గ్రీకు - లాటిన్ పురాణగాథలు, బైబిలు కథలు. వీటికి తోడు పెత్రార్క్ విజయయాత్రలు, బొకాచ్చో కథలు కూడా కనిపిస్తాయి. సోలమోను రాజును షేబా రాణి దర్శించడం, ఎస్తేరు వివాహం, డిడో - ఈనియాసుల గాథ, సబైన్ స్త్రీల అపహరణ, లుక్రీషియా మరణం విరివిగా చిత్రితమైనవి. లాటిన్ విద్య అప్పట్లో గౌరవానికి గుర్తు. ఆ కథలను ఇంట్లో ఉంచుకోవడం విద్యావంతుల కుటుంబమని చెప్పుకోవడమే.

1472 నాటి ఒక జత భోషాణాలు లండన్‌లోని కోర్టాల్డ్ సంగ్రహంలో ఉన్నాయి. లొరెంజో మొరెల్లి, వాజ్జా నెర్లి వివాహ సందర్భంగా వీటిని చేయించినది వరుడే. వడ్రంగం పని జనోబి ది దొమెనీకోది. చిత్రకారులు బియాజ్జో ద’అంతోనియో, యాకొపో దెల్ సెల్లాయో. వెనుక గోడకు ఆనించే స్పల్లియేరా పలకలతో సహా జతగా మిగలడం వీటి ప్రత్యేకత. ఒక పెట్టెపై రోమన్ సేనాని కమిల్లస్ గాల్ జాతివారిని తరిమికొట్టిన ఘట్టం ఉంది. రెండవదానిపై ఫలేరీ పట్టణపు ఉపాధ్యాయుని కథ ఉంది. ఆ ఉపాధ్యాయుడు తన శిష్యులను శత్రువైన కమిల్లస్‌కు అప్పగించబోగా, కమిల్లస్ ఆ ద్రోహాన్ని తిరస్కరించి, పిల్లల చేతనే గురువును కొట్టిస్తూ పట్టణానికి తిప్పి పంపాడు. స్పల్లియేరా పలకలపై వంతెనను ఒంటరిగా కాపాడిన హొరేషియస్, తన చేతిని తానే నిప్పుల్లో పెట్టిన మ్యూసియస్ స్కేవొలా గాథలున్నాయి. నాలుగు ఘట్టాలూ పురుషుల పౌరధర్మానికి సంబంధించినవే. వస్త్రాలు దాచుకునే పెట్టె రోమన్ గణతంత్రానికి తాము వారసులమని చెప్పుకునే ఫ్లారెన్స్ పౌరుల పాఠ్యపుస్తకమైంది.

స్త్రీలను ఉద్దేశించిన కథల స్వరం భిన్నంగా ఉంటుంది. సబైన్ స్త్రీల కథలో అపహరణకు గురైన స్త్రీలే చివరకు తండ్రులకూ భర్తలకూ నడుమ నిలిచి శాంతి కుదురుస్తారు. రెండు వంశాలను కలిపే వధువుకు అది ఆదర్శంగా నిర్దేశితమైంది. బొకాచ్చో ‘డెకామెరన్’ చివరి కథలోని గ్రిసెల్డా పరిస్థితి ఇంకా కఠినమైనది. పేదింటి పిల్ల అయిన ఆమెను ప్రభువు పెండ్లాడే ముందు అందరి ఎదుట పాత దుస్తులు విప్పించి కొత్త వస్త్రాలు తొడిగిస్తాడు. తరువాత ఆమె ఓర్పును పరీక్షించడానికి వాటిని తీసివేయించి పుట్టింటికి పంపుతాడు. ఫ్లారెన్స్ కుటుంబ పత్రాలను అధ్యయనం చేసిన చరిత్రకారిణి క్రిస్టియాన్ క్లాపిష్ - జుబర్ ఈ కథకూ నిజజీవితానికీ ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపారు. పెండ్లినాడు వరుడు వధువుకు తొడిగిన వస్త్రాభరణాలు చాలాసార్లు శాశ్వతంగా ఆమెవి కావు. వాటిలో కొన్ని ఎరువు తెచ్చినవి, కొన్ని భర్త తరువాత తిరిగి తీసుకొనేవి. వధువు తన శరీరంపై మోసినది భర్త వంశపు గౌరవాన్ని.

భోషాణానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. పెట్టె ఆమె పేరుతో వస్తుంది, ఆమె వస్తువులనే దాస్తుంది. దానిపై ఉన్నవి మాత్రం ఇద్దరు పురుషుల, ఆమె తండ్రి, ఆమె భర్తల వంశచిహ్నాలు. పత్రాలలో ఆమె సాధారణంగా ఒకరి కుమార్తెగానో మరొకరి భార్యగానో నమోదవుతుంది. హోదా వ్యక్తీకరణ అన్నప్పుడు అది ఎవరి హోదా, ఎవరి వ్యక్తీకరణ అని అడగవలసిన అవసరం ఇక్కడ ఏర్పడుతుంది.

7. ప్రవాసం నుంచి ప్రాసాదానికి

స్త్రోజ్జీ కుటుంబ గాథకు తిరిగి వద్దాం. కతెరీనా అన్న ఫిలిప్పో నేపుల్స్‌లో వ్యాపారం, బ్యాంకింగ్ చేసి అపార సంపద గడించాడు. 1466లో బహిష్కారం తొలగి ఫ్లారెన్స్‌కు తిరిగివచ్చాడు. నేపుల్స్ రాజు ఫెర్రాంతెతో ఆయనకున్న సాన్నిహిత్యం ఆయన వ్యాపారానికీ, రాజకీయ భద్రతకూ ఆధారం. 1473లో ఆ రాజుకు కానుకగా పంపడానికి బెనెదెత్తో ద మయానో పనిశాలలో ఒక లెత్తూచ్చో చేయించాడు. లెత్తూచ్చో అంటే ఎత్తైన వీపుపలక, కూర్చోవడానికీ నడుము వాల్చడానికీ వీలైన బల్ల, దాని కింద సామాను పెట్టుకొనే అర గల ఉపకరణం. రంగురంగుల చెక్కముక్కలను పొదిగి చిత్రాలు తీర్చే ఇంతార్సియా పనిలో మయానో సోదరులు సిద్ధహస్తులు. బంగారమో గుర్రాలో పంపగల ధనికుడు తన నగరపు వడ్రంగుల పనితనాన్ని పంపడం గమనించదగినది. ఒకప్పుడు ఫ్లారెన్స్ వెళ్లగొట్టిన కుటుంబం ఫ్లారెన్స్ కళకు ప్రతినిధిగా రాజు ముందు నిలిచింది.

1489లో ఫిలిప్పో తన మహాప్రాసాదానికి శంకుస్థాపన చేశాడు. 1491లో, అది పూర్తి కాకముందే మరణించాడు. ఆ ప్రాసాదం కోసం చేసినదిగా భావించే ఒక మూడుకాళ్ల పీఠం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సన్నని ఎత్తైన వీపుపలక, దాని శిరస్సున గుండ్రని ఫలకం, ఆ ఫలకంలో స్త్రోజ్జీల నెలవంకల చిహ్నం. కూర్చునే చోటు చిన్నది. కూర్చున్నవాని తల వెనుక వంశచిహ్నం కనిపించేలా చేసిన ఆ అమరికలో సౌకర్యానికి దక్కిన శ్రద్ధ కంటే గుర్తింపుకు దక్కిన శ్రద్ధ ఎక్కువ. 1447లో కట్నం సొమ్ము లెక్కవేసుకుంటూ ఒక మెట్టు దిగిన కుటుంబం నాలుగు దశాబ్దాల తరువాత తన పీఠాల మీద సైతం పేరు చెక్కించుకోగలిగింది.

ఈ అభిరుచికి నేపుల్స్ ఆస్థానంలోని మానవతావాది జొవాన్నీ పొంతానో సిద్ధాంత రూపమిచ్చాడు. 1498లో వెలువడిన ఆయన గ్రంథాలలో ఒకటి గృహవైభవాన్ని ఒక సద్గుణంగా వివరిస్తుంది. భవనాల వంటి బహిరంగ నిర్మాణాలపై చేసే వ్యయం ఒక గుణం. పాత్రలు, పీఠాలు, మంచాలు వంటి ఇంటి వస్తువులలో చూపే వైభవం మరొక గుణం. భోజనం దగ్గర సామాన్యుడూ వైభవశాలీ కత్తినే వాడతారనీ, ఒకనిది జిడ్డుపట్టిన కొమ్ముపిడి కత్తి కాగా మరొకనిది మేలైన పదార్థంతో కళాత్మకంగా మలచిన పిడిగల కత్తి అనీ ఆయన భేదం చూపాడు. వస్తువు చేసే పని ఒక్కటే. మనిషి అంతరువును తెలిపేది దాని తీరు. ఈ వాదం వల్ల ఖర్చు చేయడం దుబారా అన్న నింద నుంచి తప్పించుకొని ధర్మంగా మారింది. సంపన్నులకు ఇంతకంటే అనుకూలమైన సిద్ధాంతం ఉండదు.

8. మార్గరీతా మంచం

ఇంతవరకు చూసిన ఆధారాలలో వస్తువులను చేయించినదీ, కానుక చేసినదీ, వివరించినదీ పురుషులే. అలెస్సాంద్రా ఉత్తరం ఉన్నా, అందులో మాట్లాడుతున్నది కుమార్తెకు సంబంధం చూస్తున్న తల్లి. ఆ వస్తువుల నడుమ జీవించిన కోడలి మాట వినిపించే సందర్భం జొర్జో వసారి రాసిన చిత్రకారుల జీవితచరిత్రల 1568 నాటి ముద్రణలో, పొంతొర్మో జీవితంలో ఒకటుంది.

1515లో పియర్‌ఫ్రాంచెస్కో బొర్గెరీని, మార్గరీతా అచ్చయుయోలీల వివాహం జరిగింది. వరుని తండ్రి సాల్వి ఆ దంపతుల గదిని అపూర్వంగా అలంకరింపజేశాడు. చెక్కపని బాచ్చో ద’అన్యోలోది. యోసేపు కథను చిత్రించినవారు అంద్రెయా దెల్ సార్తో, పొంతొర్మో, గ్రానాచ్చి, బకియాక్కా. ఆ చిత్రాలలో కొన్ని నేడు లండన్ నేషనల్ గ్యాలరీలోనూ, కొన్ని ఫ్లారెన్స్ మ్యూజియాలలోనూ ఉన్నాయి.

1529-30లో ఫ్లారెన్స్ ముట్టడిలో ఉన్నప్పుడు జొవాన్ బత్తిస్తా దెల్లా పల్లా అనే వ్యక్తి ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాంసువాకు పంపడానికి నగరంలోని కళాఖండాలు సేకరించేవాడు. బొర్గెరీనీల పడకగది అలంకరణను తరలించడానికి ప్రభుత్వ అనుమతితో ఆ ఇంటికి మనుషులు వచ్చారు. యజమాని ఊళ్లో లేడు. వసారి కథనం ప్రకారం మార్గరీతా వారికి అడ్డు నిలిచింది. దెల్లా పల్లాను పాతసామాను బేరగాడని ఈసడించింది. ఆ మంచం తన పెండ్లి కోసం మామగారు చేయించినదనీ, దానిని తన ప్రాణమిచ్చి అయినా కాపాడుకుంటాననీ ప్రకటించింది. వచ్చినవారు వట్టి చేతులతో వెనుదిరిగారు.

ఈ సంభాషణను వసారి తన శైలిలో తీర్చి ఉంటాడు. మాటలన్నీ ఆమెవే అనుకోనవసరం లేదు. కాని ఆ కాలపు పాఠకులకు నమ్మదగినదిగా తోచిన వాదమేమిటో అందులో ఉంది. ఆమె తన ఆస్తిహక్కును గాని, చిత్రాల కళావిలువను గాని ప్రధానంగా ప్రస్తావించలేదు. మామగారు తనకిచ్చిన గౌరవానికి అది గుర్తు అన్నదే ఆమె వాదం. వంశ గౌరవం కోసం పురుషులు నిర్మించిన సంకేతాన్ని ఆమె తన గౌరవంగా స్వీకరించి, ఆ బలంతోనే ప్రభుత్వాన్ని ఎదిరించింది. గ్రిసెల్డా మౌనంగా అన్నీ అప్పగించింది. మార్గరీతా అప్పగించలేదు. గృహసామగ్రి స్త్రీని వంశ గౌరవపు వాహికగా మార్చినా, కొన్ని సందర్భాలలో ఆమె మాట్లాడటానికి నిలబడిన చోటు కూడా అదే అయిందని ఈ ఘట్టం వల్ల గ్రహించవచ్చు.

9. భోషాణం హోదా తగ్గిన తీరు

16వ శతాబ్దంలో రంగుల భోషాణం స్థానాన్ని వాల్‌నట్ చెక్కపై లోతుగా చెక్కిన భోషాణం ఆక్రమించింది. ప్రాచీన రోమన్ల శిలాశవపేటికల ఆకారం, సింహపు పంజాల వంటి పాదాలు, పురాణగాథల ఉబ్బెత్తు శిల్పాలు దాని లక్షణాలు. బంగారు రంగుల మెరుపుకు బదులు ముదురు చెక్క గాంభీర్యం ఉన్నత అభిరుచికి గుర్తయింది.

ఈ మార్పు వెనుక మరొక హోదా మార్పు కూడా ఉంది. దెల్లో అనే చిత్రకారుని జీవితం రాస్తూ వసారి పూర్వకాలపు భోషాణాలను వర్ణించాడు. ఉత్తమ చిత్రకారులు సైతం ఒకప్పుడు ఈ పని చేసేవారనీ, నేటివారు చాలామంది సిగ్గుపడినట్లు వారు సిగ్గుపడలేదనీ అన్నాడు. ఈ ఒక్క వ్యాఖ్యలో ఒక యుగం మార్పు కనిపిస్తుంది. ఉగొలీనో వెరీనో కాలంలో భోషాణ చిత్రకారుడు అపెల్లెస్ అంతటివాడు. వసారి కాలానికి చిత్రకారుడు తనను చేతివృత్తి పనివాడిగా కాక విద్వాంసుడిగా భావించుకోవడం మొదలైంది. పెట్టెకు రంగు వేయడం ఆ కొత్త హోదాకు తగని పని. యజమాని హోదాను పెంచడానికి పుట్టిన వస్తువు చివరకు కళాకారుని హోదా పెరగడం వల్ల వెనుకబడింది.

19వ శతాబ్దంలో వర్తకులు అనేక భోషాణాల ముందుపలకలను ఊడదీసి చట్రాలు బిగించి చిత్రపటాలుగా అమ్మారు. మరికొన్నింటిని పాత ముక్కలతో కొత్తగా కూర్చారు. పలక గోడకెక్కింది. పెట్టె మాయమైంది. నేడు మ్యూజియంలో పొడవైన సన్నని పలకపై రోమన్ కథను చూసేవారికి అది ఒకప్పుడు ఒక వధువు వస్త్రాలు దాచిన పెట్టె ముఖమన్న సంగతి పక్కనున్న వివరణ చదివితే తప్ప తెలియదు.

10. ఉపసంహారం

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఫ్లారెన్స్ అలంకృత గృహసామగ్రి విలువ ముడిపదార్థంలో కంటే పనితనంలో, కథలో, వంశచిహ్నంలో ఉంది. దానిపై చేసిన వ్యయానికి ఆశించిన ప్రతిఫలం సామాజిక గుర్తింపు.

2. బిరుదులు నిర్ణయించని గణతంత్ర సమాజంలో హోదా నిలకడ లేనిది. అందుకే హోదా మారే ఘట్టాలలో, అంటే వియ్యం, ప్రవాసం నుంచి పునరాగమనం, రాజానుగ్రహ సంపాదన వంటి సందర్భాలలో, గృహసామగ్రిపై శ్రద్ధ పెరిగింది. స్త్రోజ్జీ, పరెంతి కుటుంబాల పత్రాలు ఇందుకు సాక్ష్యం.

3. భోషాణం వీధి నుంచి గదికి మారినప్పుడు ప్రదర్శన తగ్గలేదు. ప్రేక్షకులు మారారు, చిత్రణ అందుకు తగినట్లు మారింది.

4. వధువు ఈ వ్యవస్థలో ప్రధానంగా రెండు వంశాల గౌరవానికి వాహిక. అయినా మార్గరీతా ఉదంతం ఆ వస్తువులపై స్త్రీ తనదైన అర్థాన్ని స్థాపించుకోగలిగిన అవకాశాన్ని సూచిస్తుంది.

5. వస్తువు హోదా శాశ్వతం కాదు. దానిని చేసేవారి హోదా మారితే దాని స్థానం కూడా మారుతుంది.

సాహిత్య పరిశోధకులమైన మనం కావ్యాలలో మంచాలు, పీఠాలు, పెట్టెల ప్రస్తావన వచ్చినప్పుడు వర్ణన అని గుర్తించి ముందుకు సాగుతాం. ఆ వస్తువును ఎవరు చేయించారు, ఎవరు చేశారు, ఎవరు చూశారు, అది ఎవరి పేరున ఉంది అన్న నాలుగు ప్రశ్నలు వేస్తే వర్ణనలోనే సామాజిక చరిత్ర బయటపడే అవకాశముంది. ఫ్లారెన్స్ భోషాణాల అధ్యయనం ఫలించడానికి లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, మిగిలిన వస్తువులు మూడూ కలిసి తోడ్పడ్డాయి. మన పాత ఇళ్లలోని వస్తువులతో పాటు వాటికి సంబంధించిన పద్దు పుస్తకాలను, ఉత్తరాలను కూడా భద్రపరచుకోవడం అందువల్ల అవసరం. మార్కో పరెంతి చేయించిన భోషాణాలు నశించినా ఆయన పద్దు మిగలడం వల్లనే ఐదున్నర శతాబ్దాల తరువాత కూడా కతెరీనా పెండ్లి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.